చాపలో వచ్చిన ప్రయాణికుడు

సొలొఫో ఒక సీసా మూతకి చిల్లు చేసి, అందులోంచి సన్నటి గొట్టం దూర్చి, పెట్రోలు సీసాను తన సీటు పక్కన గుడ్డపీలికతో బిగించి కట్టాడు. ఆ పాత రెనో టాక్సీకి అసలు ట్యాంకు లేకపోలేదు; తండ్రి హయాంలోనే అది జల్లెడైంది. సీసా అయితే ఎంత ఉందో కళ్లకి కనిపిస్తుందని సొలొఫో సమర్థించుకుంటాడు. వాలు వస్తే ఇంజను ఆపేస్తాడు. మడగాస్కర్ రాజధాని అంతననరివో ఊరంతా కొండలే కనుక సగం బతుకు ఇంజను లేకుండానే వెళ్లదీశాడు.

"ఎక్కేటప్పుడు ఎంత మూలుగుతుందో, దిగేటప్పుడు అంత దర్జా నీ బండికి," అంది భార్య హైంగో. వీధి మొగలో మట్టిపొయ్యి ముందు కూర్చుని, గుంతల పెనం మీద బియ్యప్పిండి తీపి రొట్టెలు తిప్పుతోంది.

చలికాలం వచ్చిందంటే ఆ చుట్టుపక్కల ఊళ్లలో సమాధులు తెరుస్తారు. పోయినవాళ్లని బయటికి తెచ్చి, కొత్త పట్టుబట్ట చుట్టి, బ్యాండుతో ఊరేగించి, పొద్దు వాలకముందు మళ్లీ పడుకోబెడతారు. వాళ్లని చుట్టిన చాప పీలికను పరుపు కింద పెట్టుకుంటే కడుపు పండుతుందని నమ్మకం.

"వచ్చేవారం మా పిన్నివాళ్ల సమాధి తెరుస్తున్నారు. ఈ ఏడు నేను ఎవర్నీ చాపముక్క అడగను," అంది హైంగో.

"అడక్కు. పరుపు కింద ఇప్పటికే ఓ కట్ట ఉంది. ఇంకోటి పెడితే మంచానికి నిచ్చెన వెయ్యాలి."

ఆమె నవ్వింది. కాస్త ఆలస్యంగా నవ్వింది. అది గమనించి సొలొఫో రొట్టెల పొట్లం తీసుకుని బండెక్కాడు.

బస్టాండులో తూర్పు తీరం బస్సు దిగిన ఒక ముసలామె, తాడుతో కట్టిన చాపచుట్ట పక్కన కూర్చుని ఉంది.

"సామాను పైన కట్టనా అమ్మా?"

"సామాను కాదు నాయనా, మా ఆయన."

సొలొఫో టోపీ తీశాడు. ఇద్దరూ కలిసి పెద్దాయన్ని వెనక సీట్లోకి చేర్చారు. ఆమె పేరు బకోలి. ఆయన పేరు రబరి.

"ఇన్నేళ్లూ మా తీరంలో మట్టిలో ఉన్నాడు. ఈ నగరానికి ఉత్తరాన ఈయన సొంతూళ్లో ఇవాళ వాళ్ల కుటుంబ సమాధి తెరిచిపెట్టారు. పొద్దు వాలితే మూసేస్తారు. ఆలస్యమైతే ఈయన వంతు మళ్లీ ఎన్నేళ్లకో. మేనల్లుడు వ్యాను పంపిస్తానంటే నేనే వద్దన్నాను. ముందు ఈయనకి నగరం చూపించాలి."

"ఆయన ఇక్కడివారే కదమ్మా?"

"అందుకే. పెళ్లయిన దగ్గర్నుంచీ మా తీరంలో కూర్చుని ఈ ఊరి గురించి కోతలు కోశాడు. నేనెప్పుడూ చూసింది లేదు. ఇవాళ ఈయన ఎదుటే తేల్చుకుంటాను."

అనోసి చెరువు దగ్గర ఆమె అద్దం దించింది. "ఇదా సముద్రమంత చెరువు?" అని చాపమీద అరచేత్తో ఒకటి వేసింది. "మన బాతులు దిగితే నిండిపోతుంది కదయ్యా."

రాణిగారి కోట దాకా బండి మొదటి గేరులో ఏడ్చుకుంటూ ఎక్కింది. అక్కణ్నుంచి సముద్రం కనిపిస్తుందని రబరి చెప్పాడట. ఎటు చూసినా పెంకుటిళ్లూ, వరిమళ్లూ, ఆరేసిన బట్టలూ.

"పొగమంచు లేకపోతే కనిపిస్తుందేమోనమ్మా," అన్నాడు సొలొఫో.

"నువ్వూ మగాడివేగా, వెనకేసుకొస్తావు."

రొట్టెలు తిన్నారు. ఆమె ఒకటి చాపమీద పెట్టి, కాసేపాగి, ఈయనకి తీపి పడదంటూ తనే తినేసింది.

"నీకెందరు పిల్లలు?"

"ఇంకా లేరు." ఆ 'ఇంకా' హైంగోది. ఆమె అనడం మానేశాక అతను వాడుతున్నాడు.

బకోలి చాప అంచు సవరించింది. బండి దిగువకు తిరిగాక అంది: "ఇంకొక్కటే మిగిలింది. తను రోడ్డెక్కితే అనలకేలీ బజారంతా ఆగిపోయేదనేవాడు. చూస్తే, చెక్కబండి లాగే కూలీ."

సొలొఫో ఇంజను ఆపేశాడు. చప్పుడు లేకుండా ముగ్గురూ కొండ దిగి బజారులో పడ్డారు. పడ్డవాళ్లు పడ్డట్టే ఉండిపోయారు. ముందు మినీబస్సులు, వెనక మినీబస్సులు, మధ్యలో బండ్లు, వాటి మధ్య మేజోళ్లు అమ్మేవాళ్లు. బజారంతా ఆగిపోయి ఉంది.

బకోలి నాలుగువైపులా చూసింది. చాప వైపు చూసింది. "మొత్తానికి ఒక్కటి నిజం చెప్పావయ్యా," అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. అంతలో కొండమీది ఇళ్ల గోడలు ఎర్రబడటం కనిపించి, నవ్వు ఆగిపోయింది. సొలొఫో సీసా వైపు చూశాడు. అడుగున గొట్టం కొసకి పెట్రోలు అందడం లేదు.

హారను కొట్టడానికి కూడా మొహమాటపడే మనిషి బండి దిగి, మినీబస్సు కండక్టరు ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, నా బండిలో పెద్దాయనున్నారు. పొద్దు వాలకముందు ఇంటికి చేరాలి."

"ఎవరాయన?"

"రబరి అని. ఇక్కడే చెక్కబండి లాగేవారట."

మేజోళ్ల ముసలాయన తలెత్తాడు. "ఏ రబరి? బండి రోడ్డుకి అడ్డంగా పెట్టి కబుర్లు చెప్పేవాడు, వాడేనా?"

"ఆయనే," అంది బకోలి కిటికీలోంచి. "ఇంకెవరు?"

ఆ మాట బస్సునుంచి బస్సుకి పాకింది. రబరి కోసం ఒకప్పుడు తిట్టుకుంటూ ఆగిన బజారు, ఇప్పుడు నవ్వుకుంటూ పక్కకి జరిగింది. కండక్టరు తన పెట్రోలు సీసాలోది సగం సొలొఫో సీసాలోకి వంచాడు. పెట్రోలు గొట్టమెక్కి ఇంజను అందుకునేదాకా బండ్లు లాగే కుర్రాళ్లు టాక్సీని తోశారు. తోస్తూ పాట ఎత్తుకున్నారు. ముసలాయన మేజోళ్ల దండ ఊపుకుంటూ ముందు నడిచాడు.

రబరి సొంతూరు చేరేసరికి సూర్యుడు వరిమళ్ల మీద వేలెడెత్తున ఉన్నాడు. బ్యాండు మోగింది. తాడు విప్పి, కొత్త పట్టు చుట్టి, రబరిని భుజాలకెత్తుకుని ఆడారు. బకోలి పక్కనే నడుస్తూ చెరువు సంగతి ఇంకా దెప్పుతూనే ఉంది. సమాధి గుమ్మం దగ్గర మాత్రం మాట ఆపి, బట్ట కొస ఒకసారి సర్దింది. రాయి మూసిన చప్పుడు బ్యాండు మోతలో ఎవరికీ వినపడలేదు.

సొలొఫో పందిమాంసం కూరతో అన్నం కడుపునిండా తిని, వాలు మీద ఇంజను ఆపుకుంటూ ఇల్లు చేరాడు. హైంగో రొట్టెల పొట్లం గుడ్డ కోసం వెనక తలుపు తీసింది. సీటు మీద జానెడు చాప పీలిక, అంచులు సాఫుగా తెంపి పెట్టి ఉంది.

"నేను అడగలేదు," అన్నాడు సొలొఫో.

"ఎవరిది?"

"ఒక కబుర్ల పెద్దాయనది. బజారంతా ఆపేవాడు."

హైంగో దాన్ని వాసన చూసింది. "అయితే పుట్టేది వాగుడుకాయే," అంది. ఈసారి నవ్వు ఆలస్యం కాలేదు.

ఇద్దరూ లోపలికి వెళ్లాక, పరుపు కిందికి చేర్చడం మరిచి పెనం పక్కనే వదిలేసిన ఆ పీలిక, ఆరుతున్న పొయ్యి వెచ్చదనానికి కొద్దికొద్దిగా విచ్చుకుంటూ ఉంది.