రోగి వేషం

ఇవాళ చచ్చిపోయి లేచేసరికి నా ఎడమ చెయ్యి నాతో లేవలేదు. ఉంగరంతో సహా మంచం మీదే పడుకుని ఉంది.

నేను పద్యనాటకాల్లో వేషాలు కడతాను. తిరునాళ్ల రోజులు అయిపోతే డొక్కాడదు కాబట్టి, గుంటూరులో ఒక మెడికల్ కాలేజీలో రోగి వేషం వేస్తుంటాను. నాది గుండెపోటు. విద్యార్థులు చుట్టూ చేరి చూసి నేర్చుకుంటారు. ముఖానికి రంగు లేదు, నెత్తిన కిరీటం బరువు లేదు, హాయైన పనే అనుకున్నాను.

ఇవాళ నేను పోగానే వెనక నుంచి ఒక విద్యార్థి "వన్స్ మోర్!" అని కేకేశాడు.

మా రంగస్థలం మీద వన్స్ మోర్ అంటే కాదనకూడదు. చచ్చినవాడైనా లేచి, పద్యం ఎత్తుకుని, మళ్లీ చావాలి. అలవాటు కొద్దీ లేచాను. అదే నా కొంప ముంచింది.

మళ్లీ చచ్చి లేస్తాను. ఈసారి కుడి కన్ను మంచం మీద ఉండిపోతుంది. అది నన్ను కొత్తవాణ్ని చూసినట్టు చూస్తోంది. నాకు భయం వేస్తుంది.

"అమ్మా, ఇంక నావల్ల కాదు. గొంతు కూడా పోతే నేను బతకలేనమ్మా," అంటాను ప్రొఫెసర్ హైమవతి గారితో.

"భయపడకండి మాధవయ్యగారూ. ఇక్కడ పోయింది ఏదీ బయటికి పోదు," అంటారావిడ, మంచం మీది నా చేతికి దుప్పటి కప్పుతూ. "పిల్లలు ముచ్చటపడి అడుగుతున్నారు కదా."

"వన్స్ మోర్!" ఈసారి గదంతా ఒక్క గొంతుతో అడుగుతుంది.

కాదని చెప్పడానికి నోరు తెరుస్తాను. నోరు పద్యం ఎత్తుకుంటుంది. రాగం తీస్తున్నకొద్దీ నా ఊపిరి పరుపులోకి ఇంకిపోతుంది.

ఈసారి నాతో లేవడానికి ఏదీ మిగల్లేదు. మంచం పక్క గోడలోంచి చూస్తున్నాను. పరుపు మీద చెయ్యి, కన్ను, గొంతు, మిగతావన్నీ ఒకదాన్నొకటి వెతుక్కుని కుదురుకుంటున్నాయి. అలా కుదిరిన మనిషి లేచి చొక్కా తొడుక్కుంటాడు, అందరికీ దణ్ణం పెడతాడు, నా ఫోను తీసి మా ఆవిడకి చేస్తాడు.

"రత్నం, అన్నం వండు. వచ్చేస్తన్నా."

"ఏందయ్యా, ఇయ్యాల గొంతు ఇంత బాగుంది!" అంటుంది రత్నం. నాతో అంత సంతోషంగా మాట్లాడి ఎన్నాళ్లయిందో.

వాడికి తలుపు తియ్యొద్దు రత్నం అని అరుస్తాను. ఎవరూ తిరిగి చూడరు. అతను చెప్పులేసుకుని వెళ్లిపోతాడు.

ఒక అమ్మాయి స్టెతస్కోపు గోడకి ఆనించి వింటుంది.

"మేడమ్, గోడకి నొప్పిగా ఉందండీ."

"మంచిది. అందరూ ఒకసారి నొక్కి చూడండి," అంటారు హైమవతి గారు.

వాళ్లు చేతులు కడుక్కుని వరసగా వస్తారు. సున్నం కింద నా పక్కటెముకల్ని వేళ్లతో తడిమి, ఒక్కొక్కదాని పేరూ పైకి చెబుతున్నారు.