ఎడమ పాపిడి

మాంగా అనే జపాను బొమ్మల కథని మనుషులతో సినిమా తీస్తున్న మా డైరెక్టరు, నేను కట్టిన హీరో విగ్గుని నాలుగుసార్లు తిప్పి పంపాడు. నీలం జుట్టు, ఎడమ పాపిడి, నుదుటి మీద ఏడు పాయలు. ఒక్కటి తగ్గినా ఒప్పుకోడు.

"ఫ్యాన్సు పాయలు లెక్కపెడతారమ్మా," అనేవాడు, పుస్తకం చంకలో పెట్టుకుని.

ఈ రోజు పోరాటం తీశారు. హీరో ముందు చచ్చి పడ్డాడు. తర్వాత లేచి తమ్ముణ్ణి కాపాడాడు. ఆ తర్వాత తాపీగా కత్తి దూశాడు. యూనిట్టంతా చప్పట్లు కొట్టింది. ఈ కథకే జపానువాళ్ళు తీసిన కార్టూన్‌లో, యానిమేలో, ఇదే ఘట్టం చూసి నేనూ నా కూతురూ వెక్కి వెక్కి ఏడ్చాం. గాడిదకేం తెలుసు గంధపు వాసన అంటారు గానీ, గాడిద కనీసం సినిమా తీయదు.

ఒళ్ళు మండి వెళ్ళి చెప్పాను.

"సార్, మాంగాని కుడి నుంచి ఎడమకి చదవాలి. మీరు ఎడమ నుంచి చదివి, ఆ వరసలోనే తీసేశారు."

ఆయన పుస్తకం తెరిచి చూశాడు. హీరో వంక చూశాడు. మొహం పాలిపోయింది. ఇప్పటికైనా సిగ్గుపడ్డాడనుకున్నాను.

"అయితే ఆ పాపిడి కుడివైపు ఉండాలి కదమ్మా," అన్నాడు. "త్వరగా మార్చు."