ఉమ్మడి నీడ

బెంగుళూరు పీణ్యలో మొదటి షిఫ్టు సైరను మోగిందంటే సొన్నమ్మ వఠారంలో కొళాయి దగ్గర జగడం మొదలైనట్టే. వరసగా ఉన్న రేకుల గదులన్నిటికీ ఒక్కటే కొళాయి. ఆ జగడంలో దిగకుండా నీళ్ళు పట్టుకునేవాడు దానియేలు ఒక్కడే. అందరికంటే ముందు లేచి, బిందెలు నింపి, అన్నం వార్చి, సగం క్యారియరులో సర్దుకుని, మిగతా సగానికి మూత పెట్టి బయలుదేరేవాడు. ఆ సగం ఓబళప్పకు. దానియేలు లేత్ మీద ఇరుసులు చెక్కే టర్నరు. ఓబళప్ప రెండు వీధుల అవతల ఫౌండ్రీలో అచ్చులు పోసేవాడు. అతనిది రెండో షిఫ్టు.

గడప దాటేముందు దానియేలు ఒకసారి వెనక్కి తిరిగేవాడు. చాప మీద ఓబళప్ప కళ్ళు తెరవకుండానే "నువ్వు పెట్టుకో పో" అనేవాడు. అప్పుడు నీడ లేచి దానియేలు కాళ్ళకు తగులుకుని వెంట నడిచేది. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ వీధి మలుపులో ఇద్దరూ ఎదురుపడేవాళ్ళు. అప్పుడు చెప్పడం దానియేలు వంతు. "నువ్వు పెట్టుకో" అనేవాడు. నీడ ఓబళప్పతో ఫౌండ్రీ దారి పట్టేది. దానియేలు ఎండలో ఒట్టి మనిషిగా ఇంటికొచ్చేవాడు.

ఇద్దరికీ కలిపి ఒక్కటే నీడ మరి. ఆ గదిలో దిగిన మొదటి ఏడాది, ఒక సాయంత్రం వాన వెలిశాక ఇద్దరూ గడప మీద ఆనుకుని కూర్చున్నారు. లేచి చూస్తే రెండు నీడలూ కలిసిపోయి ఉన్నాయి. ఎంత జరిగినా విడిపోలేదు. సొన్నమ్మ చూసి, "బాడిగ ఒకటే కడతా ఉండారు, నీడ ఒకటైతే ఏం పోయె" అని లోపలికి పోయింది. ఆ తర్వాత ఆ సంగతి వఠారంలో ఎవరూ ఎత్తలేదు. సెలవునాడు ఇద్దరూ ఇంటి ముందు నిలబడితే మాత్రం, "మీ నీడ నా సండిగల మీద పడతా ఉండాది, కొంచెం జరపండప్పా" అని వడియాలు ఎండబెట్టుకుంటూ అరిచేది సొన్నమ్మ. జరిపేవాళ్ళు. ఒకరు మనసారా ఇస్తేనే నీడ రెండోవాడికి పోతుందని, లాక్కుంటే రాదని వాళ్ళకు అనుభవం మీద తెలిసింది. లాక్కోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

నీడ సంగతి అందరికీ తెలుసు. దాని వెనక ఉన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. ఆ మాట పలకగలిగిన చోటు ఊరు మొత్తానికీ ఒక్కటే, యశ్వంతపురంలో చిక్కమునియప్ప దర్జీ దుకాణం. ఆదివారం మధ్యాహ్నం దుకాణం తలుపు సగం దించితే లోపల పది పన్నెండుమంది చేరేవాళ్ళు. బస్సు కండక్టరు ఒకడు, బళ్ళో అయ్యవారు ఒకాయన, మిగతావాళ్ళు పీణ్య మెషీన్ల మీద పనిచేసేవాళ్ళు. ఆడవాళ్ళ మీద మనసు పోని మగవాళ్ళు. చిక్కమునియప్ప అందరిలోకీ పెద్ద, నోటి దురుసు. దానియేలూ ఓబళప్పా వస్తే, "నీడనే పంచుకొనేటోళ్ళకి రెండు గ్లాసులెందుకప్పా, టీ ఒక దాంట్లోనే పొయ్యండి" అనేవాడు.

ఎనభై అయిదులో ఒక ఆదివారం అతను ఒక పత్రిక తెరిచి గుడ్డలు కోసే బల్ల మీద పరిచాడు. దొరసానుల గౌన్లు కుట్టించుకునే ఒక గిరాకీ కొలతల కోసం ఇచ్చి మరిచిపోయిన విదేశీ పత్రిక. అందులో ఒక బొమ్మ ఉంది. పెద్ద రోడ్డు, పట్టపగలు, వందలమంది మగవాళ్ళు చేతులు పట్టుకుని నడుస్తున్నారు. ముందున్న గుడ్డ మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. దానియేలు నంద్యాలలో మిషను బడిలో చదివినవాడు. కూడబలుక్కుని, "విడుదల అని రాసుకున్నారు" అని చెప్పాడు. చిన్నప్పటినుంచి గుడిలో మోకాళ్ళ మీద విన్న మాట. అది రోడ్డు మీద కూడా నడుస్తుందని అతనికి తెలియదు.

"మనమూ నడస్తాం" అన్నాడు చిక్కమునియప్ప. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. నవంబరు వస్తా ఉంది కదా అన్నాడు. నవంబరు నెలంతా బెంగుళూరులో రాజ్యోత్సవమే, కన్నడ రాష్ట్రం పుట్టిన పండగ. ఆటో స్టాండుకొక ఊరేగింపు, ఫ్యాక్టరీకొక ఊరేగింపు. ఎర్రా పసుపుల జెండా, భువనేశ్వరి అమ్మవారి పటం, వాయించడానికి నాలుగు తమటెలు ఉంటే చాలు, పోలీసే బస్సులు ఆపి దారి ఇస్తాడు. మీరెవరని అడిగినవాడు లేడు. మనమూ గెళెయర బళగ అని, అంటే స్నేహితుల బృందమని, ఒక బోర్డు రాయిద్దామన్నాడు. చూసేవాళ్ళకు అది రాజ్యోత్సవం. మనం ఎవరమో మనకు తెలిస్తే ఈ ఏటికి చాలు.

ఆ సాయంత్రం ఇంటికొస్తూ ఓబళప్ప దారి పొడుగునా దానియేలు చెయ్యి వదల్లేదు. మగవాళ్ళు చేతులు పట్టుకుని నడవడం ఆ ఊళ్ళో కొత్త కాదు, ఎవరూ చూడలేదు. "ఆ పొద్దు నేను నీ పక్కనే నడస్తా" అన్నాడు ఓబళప్ప.

ఊరేగింపు ఆదివారం అనగా శుక్రవారం నాడు ఓబళప్ప తండ్రి గంగప్ప దిగాడు. చేళూరు అవతల పల్లె వాళ్ళది. పిల్లను చూశాం, లగ్నం పెట్టేశాం, ఆదివారం పొద్దున బస్సుకు పోదామన్నాడు. కొడుకు ఏమంటాడోనని ఆగలేదు. కొడుకు కూడా ఏమీ అనలేదు. తండ్రి ముందు నిలబడితే ఓబళప్పకు నోరు పెగలదు. అది చిన్ననాటి జబ్బు. దానియేలు మాత్రం ఒక్క పూట ఆగి పొమ్మని అడిగాడు. ఓబళప్ప నేల చూశాడు.

ఆదివారం పొద్దున వాకిట్లో ఎండ పడ్డాక గంగప్ప కొడుకు కాళ్ళ దగ్గర చూశాడు. నీడ దానియేలు దగ్గర ఉంది. కొత్త చెప్పులు మరిచిపోయిన కొడుకును కసిరినట్టు కసిరాడు. "నీడ లేకుండా పీటల మీద కూర్చుంటే ఆడపెండ్లోళ్ళు ఒప్పుతారేమిరా? తీసుకో, బస్సుకు పొద్దుపోతా ఉండాది."

ఓబళప్ప అడగలేదు, అడగడానికి మొహం చెల్లలేదు. దానియేలు గుండె రాయి చేసుకుని ఆలోచించాడు. నీడ లేకుండా పోతే వీడు పదిమందిలో తల వంచుకుంటాడు. నా మూలాన ఎందుకు వంచుకోవాలి?

"నువ్వు పెట్టుకో" అన్నాడు.

మనసారా అన్నాడు. నీడ లేచి ఓబళప్పతో పోయింది.

మధ్యాహ్నానికి దానియేలు యశ్వంతపురం రోడ్డు మీద, తమటెల వెనక, మండే ఎండలో నీడ లేకుండా నడిచాడు.  కండక్టరు కొంచెం కుడికి, అయ్యవారు కొంచెం ఎడమకు జరిగారు, వాళ్ళ నీడలు అతని కాళ్ళ దగ్గర పడేటట్టు. ఒక ఆటో స్టాండు నాయకుడు ఎదురొచ్చి చిక్కమునియప్ప మెడలో దండ వేసి, యువకుల ఐకమత్యం చూస్తే కడుపు నిండిందని మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దానియేలు కూడా కొట్టాడు. పట్టుకోవలసిన చెయ్యి చేళూరు బస్సులో ఉంది.

ఆ ఏడాది అట్లా గడిచింది. నీడ ఓబళప్ప దగ్గర ఉన్నంతకాలం అది పంచుకోవడానికి ఎప్పటికైనా వస్తాడని దానియేలు లెక్క. మధ్యాహ్నం వీధి మలుపులో కాసేపు నిలబడి ఇంటికొచ్చేవాడు. సొన్నమ్మ సండిగలు అతని గడప ముందే ఎండబెట్టేది. ఒకనాడు "ఈడ ఎండ ఇప్పుడు బాగా తగలతా ఉండాది" అని, అన్న తర్వాత నాలుక కరుచుకుని, చేటెత్తుకుని వెళ్ళిపోయింది.

శ్రావణం పోయాక ఒక సెలవునాడు సంచి పట్టుకుని ఒక పిల్ల వాకిట్లో నిలబడింది. ఇరవై ఏళ్ళుంటాయి. ఎండకు కమిలిన మొహం.

"నా పేరు మునిలక్ష్మి. ఓబళప్ప పెండ్లాన్ని. కొట్లాడేదానికి రాలేదన్నా" అంది.

సొన్నమ్మ నీళ్ళిచ్చింది. మునిలక్ష్మి గడప మీద కూర్చుని చెప్పింది. పెళ్ళయిన మూడోనాటినుంచే పల్లెలో అందరూ చూశారట. పొద్దు ఎటున్నా ఓబళప్ప నీడ దక్షిణానికే పడేది. గొర్రెల కాపరులు దాన్ని చూసి దిక్కు తెలుసుకునేవాళ్ళు. అత్త దాని మీదుగా కాకుండా పక్కన ముగ్గు వెయ్యమని చెప్పేది. చేనికి పోతే తన నీడ ఒక దిక్కు, మొగుడి నీడ ఒక దిక్కు. ఒకనాడు అడిగిందట, ఆ పక్క ఏముందని. చేళూరు అన్నాడు. దాని అవతల? చిక్కబళ్ళాపురం. దాని అవతల? నోరు విప్పలేదు.

"బెంగుళూరని నేనే చెప్పినా. ఆయప్ప చంటిబిడ్డ మాదిరి ఏడ్చినాడు. అంతా చెప్పినాడు. నన్ను కొట్టలేదన్నా, ఒక మాట అనలేదు. పక్కన పండుకొని కూడా ఆడ లేడు, అంతే."

దానియేలు తల వంచుకుని, తప్పు నాదమ్మా, నేను వాణ్ణి ఆపవలసింది అన్నాడు.

"ఆపేది కాదు. నీడ ఏల ఇచ్చి పంపితివి?" ఆ పిల్ల గొంతు అప్పటిదాకా లేని విధంగా గట్టిపడింది. "నీడ లేనోనికి మా నాయన నన్ను ఇచ్చి ఉండడు. ఆ పొద్దే పెండ్లి చెడిపోయుండు. నువ్వు పెద్ద మనసు చేసుకొని ఇస్తివి, ఆయప్ప తీసుకొనె. మీ ఇద్దరి నడుమ నేనొక దాన్ని ఉండానని ఎవురికన్నా తోచిందా?"

 ఇన్నాళ్ళూ దానియేలు తను ఇచ్చిన దాన్ని తలుచుకునే బతికాడు. రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు అదొక్కటే ఊరట. వాణ్ణి పదిమందిలో తల ఎత్తుకునేటట్టు చేశానని. ఇప్పుడు అదే పోయింది. "తోచలేదమ్మా" అన్నాడు.

మునిలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుంది. పుట్టింటికి పోనంది. సొన్నమ్మ చివరి గది ఇచ్చింది. పీణ్యలో కొత్తగా పెట్టిన బట్టల ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుట్టే పని దొరికింది. మొదట్లో దానియేలు ఎదురొస్తే మొహం తిప్పుకునేది. కొళాయి దగ్గర ఆమె బిందె కూడా అతనే నింపి పెట్టడం, ఆమె వద్దని చెప్పకపోవడం, అట్లా కొన్నాళ్ళు. తర్వాత ఒక ఆదివారం తనే చిక్కమునియప్ప దుకాణానికి వచ్చింది. ఆ సగం దించిన తలుపు కింద వంగి లోపలికొచ్చిన మొదటి ఆడమనిషి. కాజాలు కుట్టడం తనకూ వచ్చంది. చిక్కమునియప్ప సూది అందించి, "మా కంటే నీకే ఎక్కువ అన్యాయం జరిగిండాది తల్లీ. కూచో" అన్నాడు.

నవంబరు దగ్గర పడింది. పల్లెనుంచి వచ్చినవాళ్ళు ఒక కబురు తెచ్చారు. మునిలక్ష్మి తిరిగి రాదని తేలాక గంగప్ప కొడుక్కి రెండో సంబంధం వెతుకుతున్నాడట, పిల్ల కూడా దాదాపు కుదిరినట్టేనట. ఆ మాట విని మునిలక్ష్మి అన్నం తినలేదు. మర్నాడు కండక్టరును పట్టుకుని చేళూరు బస్సు మీద కబురు పంపింది. ఊరేగింపు ఫలానా ఆదివారం, వస్తే రా, నేను నిన్ను ఏమీ అనను. రాలేకపోతే ఇంకొక ఆడపిల్ల గొంతు మాత్రం కొయ్యొద్దు.

దానియేలు ఆ వారమంతా క్యారియరులో అన్నం తినకుండా తిరిగి తెచ్చాడు. శనివారం గదికి సున్నం కొట్టాడు. సొన్నమ్మ చూసింది, ఎవరొస్తున్నారని అడగలేదు.

ఆదివారం చేళూరు బస్సు వచ్చే వేళ దాటిపోయింది. దానియేలు మాట మీద ఊరేగింపు అరగంట ఆపారు. ఆ పైన ఆపలేక తమటెలవాళ్ళు మొదలుపెట్టారు. ఈసారి మనుషులు ఎక్కువ. పోయిన ఏడు తలుపు చాటునుంచి చూసినవాళ్ళు కూడా వచ్చారు. మునిలక్ష్మి దానియేలు పక్కన నడిచింది, ఆమె వెనక ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఇద్దరు ఆడపిల్లలు నడిచారు. తమటెలకు అయ్యవారు చొక్కా చేతులు మడిచి అడుగులు వేస్తుంటే జనం ఈలలు వేశారు.

రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి దానియేలు పాదాలు చల్లబడ్డాయి. వంగి చూశాడు. కాళ్ళ కింద నీడ ఉంది.

వచ్చాడనుకున్నాడు. గిర్రున తిరిగాడు. వెనక వరసలన్నీ వెతికాడు, రోడ్డు పక్క జనంలో వెతికాడు, గేటు అవతల ఆగిన బస్సుల కిటికీల్లో వెతికాడు. పక్కన మునిలక్ష్మి కూడా వెతికింది. ఓబళప్ప ఎక్కడా లేడు. నీడ ఒక్కటే వచ్చింది.

లాక్కుంటే రాని నీడ అది. చేళూరు అవతల ఏదో చేలో, ఎండలో నిలబడి, ఓబళప్ప "నువ్వు పెట్టుకో పో" అనుంటాడు. మనసారా అనుంటాడు. వాడికి ఇక పంచుకోవడానికి రావాలని లేదా, రాలేనని తెలిసిపోయిందా అని దానియేలు అడగడానికి మనిషి లేడు. ఏడాదిగా వీధి మలుపులో నిలబడ్డ మనిషి ఇప్పుడు రోడ్డు నడుమ ఆగిపోయాడు. మునిలక్ష్మి జబ్బ పట్టుకుంది. ఆమె నీడ వైపే చూస్తోంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"ఇంక ఆయప్పకి ఎవురూ పిల్లనియ్యరన్నా" అంది. "నీడ లేనోనికి ఎవురిస్తారు? మామ తల బాదుకోవాల్సిందే. నోటితో చెప్పేదానికి చాతకాక, ఇట్ల చెప్పినాడు."

దానియేలు తల ఊపాడు. ఏడుపు వచ్చింది, తమటెల మోతలో ఎవరికీ వినపడలేదు. వెనకున్నవాళ్ళు తోసుకొస్తుంటే నడవక తప్పలేదు.

మునిలక్ష్మి ఆ నీడను తొక్కకుండా ఒక అడుగు పక్కకు జరిగి నడిచింది. ఆమె వెనక వస్తున్న పిల్లలూ జరిగారు. వాళ్ళను చూసి అయ్యవారు, కండక్టరు, ఆ వెనక పేరు తెలియని కొత్తవాళ్ళు, ఎవరూ ఏమీ చెప్పకుండానే జరిగారు. రోడ్డు నిండా క్రిక్కిరిసిన ఆ ఊరేగింపులో దానియేలు పక్కన మాత్రం ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా, చివరిదాకా అట్లాగే నడిచింది.