పోశయ్య వేసిన ముడి

తొమ్మిదో స్తంభం దగ్గర తాడును మూడోసారి మెలిపెడుతూ పోశయ్య నాగేందర్‌ను తిట్టుకుంటున్నాడు. స్తంభానికొకటి చొప్పున రోజూ నలభై స్తంభాలకు నలభై తిట్లు. వయసు అరవై దాటినా, ఒకసారి తిట్టిన తిట్టు మళ్లీ తిట్టిన పాపాన పోలేదు. మనిషి ఎండిన ద్రాక్షతీగలా వంకర్లు తిరిగి ఉంటాడు. ముప్పై ఏళ్లు తోటకు మందు కొడుతూ వీపున మోసిన పంపు భుజాల మీద పట్టీల గుంటలనూ, గోళ్ల కింద మైలుతుత్తం నీలాన్నీ, రొమ్ములో ఎడతెగని దగ్గునూ మిగిల్చిపోయింది.

నాచారం నుంచి ఉప్పల్ పోయే దారిలో, ఫ్యాక్టరీ గోడల వెనక మిగిలిన ఆఖరి ద్రాక్షతోట అది. చుట్టూ అన్నీ ప్లాట్ల రాళ్లే. యజమాని రామ్మోహనరావుకు, మందుల్లేని ద్రాక్ష పండించి వైను చేసేవాళ్లకు అమ్మాలని బుద్ధి పుట్టింది. వానకు ఆకు తడిస్తే బూజు పడుతుంది, బూజు పడితే మందు కొట్టాలి. అందుకని పందిరి మీద ప్లాస్టిక్ కవర్లు కప్పించి ఆకు మీద చినుకు పడకుండా చేశాడు. పక్కలు మాత్రం గాలికి వదిలేశాడు, లేకుంటే మన ఎండకు కాయ తీగ మీదే ఉడికిపోతుంది.

దాంతో మందు పని పోయింది. డిప్లొమా చదివి సూపర్‌వైజరుగా వచ్చిన నాగేందర్, మొదటి వారంలోనే పోశయ్య పంపును పాత ఇనుము బండికి ఎత్తించాడు. ఆ రోజు నుంచి, అంటే ఏడాదిగా, ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో కలుపు తీసే శంకరమ్మ ఉండాల్సిందే.

పోశయ్యకు మిగిలింది కవర్ల తాళ్లు కట్టే పని. అదీ పోకుండా ఉపాయం పన్నాడు. మరొకడెవడూ విప్పలేని ముడి వేయడం మొదలుపెట్టాడు.

ఆ పొద్దున నాగేందర్ ఒక అట్టపెట్టె తెచ్చి దింపాడు.

“శంకరమ్మా, ఆ పెద్దమనిషికి జెప్పు. క్లిప్పులొచ్చినయ్. ఇయ్యాల మొదటి వరుసకు పెడుతున్న. పెద్దగాలొస్తె టక్కున ఇడుస్తయ్. మంచిగుంటె రేపటి సంది తాళ్లతోని పని లేదు, ఆయనతోని గూడ పని లేదు.”

పోశయ్య మూడడుగుల దూరంలోనే ఉన్నాడు.

“శంకరమ్మా, గా పిలగానికి జెప్పు. మా కాలంల అనాబెషాహి ద్రాక్షగుత్తి ఒక్కటి కోస్తె బరువు దిగి పందిరి నిలువెత్తు మీదికి లేశేది. ఒకపారి నన్ను గూడ లేపింది. కత్తెర పట్టుకొని పొద్దుగూకెదాక ఏలాడిన. గసొంటి పందిరిని ఆపినోన్ని. గీ బట్టలారేశే క్లిప్పులు ఏం ఆపుతయ్?”

“నేనేమన్న మైకు సెట్టునా?” అంది శంకరమ్మ. “ఇద్దరి చెవులకు ఏం రోగమొచ్చింది?”

మధ్యాహ్నం పోశయ్య ఒక్కడే కూర్చుని గిన్నె విప్పాడు. రెండు ముద్దలకే దగ్గు అడ్డుపడింది. భార్య పోయి ఆరేళ్లు. నాచారంలో అద్దె గదికి పోతే పలకరించే దిక్కు లేదు. ఇక్కడైతే తిట్టడానికైనా ఒకడున్నాడు. రేపటి నుంచి ఆ ఒక్కడూ ఉండడు. గిన్నెకు మూత పెట్టేశాడు.

మూడు గంటలకు ఉప్పల్ స్టేడియం దీపస్తంభాల వైపు నుంచి గాలి లేచింది. మొదటి వరుసలో క్లిప్పులు టపటపా విడిచాయి. కవరు ఎగిరిపడింది, పందిరి మాత్రం కదల్లేదు. మిగతా వరుసల్లో పోశయ్య ముడులు విడవలేదు. గాలి కవర్ల నిండా నిండి పందిరిని మొత్తంగా పైకి లాగింది. పోశయ్య ఉరికాడు. కానీ మందు తినేసిన వేళ్లకు స్పర్శ పోయి చాలాకాలమైంది. ముడి బిగించగలవు, విప్పలేవు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాగేందర్ కొడవలితో పరుగెత్తుకొచ్చాడు.

“శంకరమ్మా, తాళ్లు కోయమను! పందిరి పోతది!”

“శంకరమ్మా, నా ముడి ముట్టొద్దను!”

శంకరమ్మ అక్కడ లేదు, షెడ్డులో ఉంది. లేని మనిషి పేరు పెట్టి ఇద్దరూ గొంతులు చించుకున్నారు.

ఒక స్తంభం మొదలు దగ్గర కాంక్రీటు పగిలింది. పోశయ్య చెయ్యి చాపాడు. నాగేందర్ కొడవలి ఇచ్చాడు. పోశయ్య తన ముడులు తానే కోసుకుంటూ వరుస వెంట వరుస నడిచాడు. కవర్లు ఒక్కొక్కటే ఊపిరి వదిలి పక్కకు వాలాయి. పందిరి నిలబడింది. పది రోజుల్లో కోయాల్సిన నల్లటి గుత్తుల మీద నాలుగు చినుకులు పడ్డాయి, అంతే. పోశయ్య చివరి స్తంభానికి వీపు ఆనించి కూలబడ్డాడు. కాసేపు దగ్గాడు. తర్వాత దగ్గు ఆగింది.

నాగేందర్, శంకరమ్మ కలిసి కవర్లు మళ్లీ లాగి, పెట్టెలోని క్లిప్పులు పెట్టారు. పని అయ్యాక నాగేందర్ అటు చూడకుండానే అన్నాడు.

“శంకరమ్మా, ఆయనకు జెప్పు. రేపు రమ్మను. క్లిప్పులు సూసుకోనీకె గూడ మనిషి గావాలె గద.”

“నువ్వే జెప్పుకో. నా నోరు అరిగింది.”

నాగేందర్ చేతిలోని పెట్టె కింద పెట్టాడు. తర్వాత నడిచి వెళ్లి, ఏడాదిలో మొదటిసారి, “పోశన్నా,” అన్నాడు. ఇంకోసారి అన్నాడు. వంగి భుజం మీద చెయ్యి వేశాడు. చల్లగా తగిలి చెయ్యి వెంటనే తీసేశాడు.

మర్నాడు వాన పట్టుకుంది. చివరి స్తంభం దగ్గర పోశయ్య విడిచిన హవాయి చెప్పులను ఎవరూ తీయలేదు. ఒకటి కవరు కింద పొడిగా ఉంది. రెండోది కవరు అంచు దాటి పడి ఉంది, అరిగిపోయిన మడమ గుంటలో వాననీళ్లు నిండి.