పెళ్లి బీరుకు నాలుగు హైడ్రోమీటర్లు

మా అమ్మాయి హేలీ పెళ్లికి తన చేత్తో కాచిన బీరే పోస్తానని మా ఆయన గోర్డన్ షెఫీల్డ్‌లో సగం ఊరికి చాటేశాడు. విందు అబ్బాయివాళ్లది. గౌను పిల్ల తన జీతంతోనే కొనుక్కుంది. ఇక తండ్రిగా ఈయన ఇచ్చేది ఈ బీరొక్కటే. శనివారం పెళ్లి, మంగళవారానికి కూడా అది సీసాలకెక్కే దారి కనబడలేదు.

అడ్డం పడ్డది హైడ్రోమీటర్. జానెడు గాజుగొట్టం. బీరులో తీపి ఉన్నంతసేపూ పైకి తేలుతుంది, తీపి పులిసి తగ్గేకొద్దీ మునుగుతుంది. పైనున్న పచ్చపట్టీ దాకా మునిగితేనే సీసాల్లో పట్టాలి. తొందరపడితే సీసాలు పేలతాయి. పోయిన బాన్‌ఫైర్ పండక్కి మా మెట్ల కింద అవి పేలుతుంటే, పక్కింటివాళ్ల టపాసులనుకుని చప్పట్లు కూడా కొట్టాం.

"ఈ గొట్టం పాడైపోయింది నోరీన్," అన్నాడు.

"గొట్టం నిక్షేపంలా ఉంది. నీ బీరే ఇంకా పులవలేదు."

వింటేగా! మర్నాడు ఖరీదైనది కొన్నాడు. అదీ అదే మాట చెప్పింది. ఆ తర్వాత ఫోనుకి కబురు పంపే రకం తెచ్చాడు. అది ఫోన్లో కూడా "ఇంకా కాలేదు" అనే చెప్పింది.

"జ్వరం లేదనే థర్మామీటర్ దొరికేదాకా కొంటూనే ఉంటావా ఏంటి?"

"నువ్వు కాస్త నోరు మూసుకుంటే దొరుకుతుంది."

దొరికింది కూడా! గురువారం పాతసామాన్ల కొట్లోంచి తెచ్చిన నాలుగోది బీరులో వెయ్యగానే పచ్చపట్టీ దాకా దిగింది. ఆయన వంటింట్లో గంతులేసి, సీసాలన్నీ వరసగా పేర్చేశాడు.

"ముందు దాన్ని మంచినీళ్లలో వెయ్యి," అన్నాను.

"ఎందుకూ, శకునం చెబుతుందా?"

గొణుక్కుంటూనే వేశాడు. నీళ్లలో సరిగ్గా నీళ్లగీత దగ్గర ఆగాలి. ఆ గీత కాస్తా మునిగిపోయింది. గొట్టం లోపలి కొలతల కాగితం కిందికి జారిపోయి ఉంది.

గోర్డన్ స్టూలు మీద కూలబడ్డాడు. "పిల్లకి నేనిచ్చేది ఇదొక్కటే కదే," అన్నాడు. అంతవరకు దెప్పిన నాకే ప్రాణం ఉసూరుమంది.

అప్పుడే వచ్చిన హేలీ మా మొహాలు చూసింది, పేర్చిన సీసాలు చూసింది. బీరున్న డ్రమ్ములో జగ్గు ముంచి, ఓ గుక్క తాగి మూతి తుడుచుకుంది.

"అబ్బ, జామ్ కలిపినట్టుంది! బావుంది నాన్నా. సీసాలెందుకు, డ్రమ్ముతోనే పట్టుకొచ్చెయ్."

పెళ్లిలో గరిటెతో పోశాడు. తియ్యగా, నురగే లేకుండా, బీరంటే నమ్మలేనట్టుంది. అయినా పెళ్లికొడుకు తండ్రి రెండో గ్లాసు కోసం వచ్చాడు.

"ఎప్పుడు తయారైందో మీకెలా తెలుస్తుందండీ?"

గోర్డన్ ఛాతీ విరుచుకున్నాడు. "అంతా హైడ్రోమీటర్ ఎంచుకోవడంలోనే ఉందండీ! నేనైతే నాలుగు చూశాను."

ఆయన్ని కడిగేద్దామని నోరు తెరిచాను. వాళ్ల నాన్న భుజం మీద తలానించి హేలీ పడీపడీ నవ్వుతోంది. నోరు మూసుకుని నా గ్లాసు కూడా ముందుకు చాపాను.