పైన నువ్వు, కింద నేను

గోడలు లేని ఇంట్లో మనుషులు ఒకరినుంచి ఒకరు దాక్కోలేరని నమ్మాను. ఆ నమ్మకంతోనే ఆ వాటా చూడడానికి వెళ్ళాను.

ఒకప్పుడు అది బొత్తాల గోదాము. మూడో అంతస్తంతా ఒకటే హాలు. తల ఎత్తితే ఇనుప దూలాలు, వాటిపైన రేకులు. ఒక మూల నుంచి నిటారుగా చెక్కమెట్లు, అవి చేరేచోట సగం ఎత్తులో పలకలు పరిచిన పడకచోటు. హాలుకు అవతల, ఈ వాటావాళ్ళకు తప్ప ఎవరికీ దారిలేని చిన్న డాబా.

"డాబా మీద రెండు మంచాలు పడతాయి," అన్నాడు బ్రోకరు. "ఒకరి మీద ఒకరు అలిగినా ఇంకా చోటు మిగులుతుంది."

ఇంటి యజమానురాలు, రిటైరైన లెక్కల టీచరు, ఫారం చేతికిచ్చింది. సాయంత్రం ఇంకెవరో చూడడానికి వస్తారట, ఈలోపు తేల్చమంది. ఉండబోయేవారు అన్నచోట నా పేరు, దాని కింద చెల్లెలి పేరు రాసి, డాబా మీదికి వెళ్ళి తనకు ఫోన్ చేశాను.

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలకు సానపట్టడం నా పని. చెల్లెలు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. పద్దెనిమిదేళ్ళు ఇద్దరం ఒకే చీకటి గదిలో ఉన్నాం. మూడేళ్ళ కిందట తనకు వేరే ఊరికి బదిలీ అయింది. ఆ గడువు వచ్చే నెలతో తీరుతుంది. తిరిగి వస్తుందా అని అడగకుండానే ఇల్లు వెతికాను.

"లాఫ్ట్ ఇల్లా? అంటే అటకేగా!" నవ్వింది. "పాత బిందెలు పెట్టేచోట నన్ను పెడతావా అక్కా?"

"బిందెలకంటే నువ్వే ఎక్కువ చప్పుడు చేస్తావు. పైన నువ్వు, కింద నేను."

"గురక వినపడదూ? మధ్యలో గోడైనా లేదాయె."

"నీ గురకా, నా గురకా?"

"నాది సంగీతం."

నవ్వు అయిపోయాక వానల గురించి, రేకుల వేడి గురించి, నా మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. అడగవలసిన మాట చుట్టూ ఎంతసేపైనా తిరగడం మా ఇంటి విద్య. చివరికి, "నీకు బాగుంటుందక్కా," అంది.

నీకు. మనకు అనలేదు.

పిట్టగోడ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. ఎదుటి మేడలో ఎవరో దుప్పటి దులుపుతున్నారు. ఆకాశం మీద నాకు అంత మోజు ఎప్పుడూ లేదు. ఆకాశం చూస్తున్న చెల్లెల్ని చూడాలని వచ్చాను. రమ్మని పిలవడానికి నోరు రాక, ఇంటిచేత పిలిపిస్తున్నాను. కావలసినవాళ్ళను నోరు తెరిచి అడగడం చిన్నతనమని నాకెవరు నేర్పారు?

"చెల్లీ, నువ్వు వస్తావా, రావా?"



"ఇక్కడే ఉంటానని రాసిచ్చేశానక్కా. పోయిన నెలలోనే. ఇక్కడ నేను ఎవరి చెల్లెలినో ఎవరికీ తెలియదు. అది... బాగుంది నాకు." గొంతు తగ్గింది. "నీ మీద కోపం కాదు."

"తెలుసు," అన్నాను. తెలియదు. "తిన్నావా?"

"తింటా. నువ్వు?"

"తింటా."

లోపలికి వచ్చి కలం అందుకున్నాను. వద్దని వెళ్ళిపోవచ్చు. కానీ ఆ పాత గదిలో, తలుపు చప్పుడైనప్పుడల్లా తనే అనుకోవడం మూడేళ్ళుగా నాకు అలవాటైపోయింది. ఈ తలుపు తను ఎన్నడూ తీయలేదు. రెండో పేరు మీద గీత గీశాను.

యజమానురాలు కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఒక్కరేనా?"

"ఒక్కదాన్నే."

"వాన పడితే రేకుల మీద ఒకటే మోత. ఒంటరిగా ఉంటే భయం వేస్తుందమ్మా."

"వేస్తే వేయనివ్వండి," అని సంతకం పెట్టాను.