ఖాళీగా ఇవ్వకూడని గిన్నె

గంట చప్పుడు వినని పిల్ల, పేరు పలకలేని పిల్ల దండం పెడితే అమ్మవారికి చేరుతుందా? శుక్రవారం కుందులు తోముతూ ఏళ్ళ తరబడి ఇదే అనుకున్నాను. ఎవరిని అడగను?

మా గౌతమిని ఐదేళ్ళప్పుడు బొబ్బిలి దాటాక ఉన్న సిస్టర్ల బడిలో చేర్చాం. వినికిడి లేని పిల్లలకి చదువూ వసతీ అక్కడే. ఆ రోజు నేను ఏడుస్తూ గేటు దాటుతుంటే సిస్టర్ ఫిలోమినా వెనకే వచ్చింది. పొద్దున్నుంచి నేనేమీ తినలేదని కనిపెట్టి, స్టీలు గిన్నెలో ఉప్మా పెట్టి చేతికిచ్చింది. ఇంటికొచ్చాక, వేరే దేవుణ్ణి కొలిచేవాళ్ళదని అత్త ఆ గిన్నెని వంటింట్లోకి రానివ్వలేదు. పశువుల శాలలో మూలకి చేరింది.

పెట్టిచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు. నింపుదామంటే, మూడు పూటలా వండేది నేనే గానీ ఎవరికి పెట్టాలో చెప్పేది అత్త. ప్రతి నెలా ఉత్త చేతులతోనే వెళ్ళాను. సిస్టర్ ఎప్పుడూ గిన్నె ఊసెత్తలేదు. పైగా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లని పిలవాలంటే లైటు ఆర్పి వెలిగించాలనీ, ఎదురుగా వచ్చి మాట్లాడాలనీ చెప్పింది. తిన్నావా, నొప్పెక్కడ అని చేతులతో అడగడం నేర్పింది. నా బిడ్డతో మాట్లాడే నోరు నాకు ఆవిడే ఇచ్చింది. మా ఆయన మాత్రం, "రోడ్డు మీద సేతులు ఊపకు, జనం సూస్తన్నారు" అనేవారు. నేను చేతులు కొంగులో దాచుకునేదాన్ని.

ఈ దసరా ముందు అత్త తేల్చేసింది. "ఇంక సాలు. ఆళ్ళ దేవుణ్ణే నేర్పుతారు. మన పైడితల్లి దానికి గుర్తుంటాదా?" సెలవులయ్యాక మళ్ళీ పంపేది లేదంది. ఆయన తలూపారు.

పిల్లని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు సిస్టర్ నన్ను ఆపింది.

"గౌతమి పైడితల్లమ్మకి దండం పెట్టుకుంటానంటోందమ్మా. ఆ తల్లికి చేతి గుర్తు నాకు తెలీదు. నువ్వే చెప్పాలి."

నన్ను ఎవరైనా అలా అడగడం అదే మొదలు. కాస్త ఆలోచించి, ఆ తల్లి జాతరలో పూజారి కూర్చున్న పొడవాటి సిరిమాను లేచినట్టు చెయ్యి ఏటవాలుగా పైకెత్తి, నుదుట బొట్టు చూపించాను. గౌతమి ఇట్టే అందుకుంది. సిస్టర్ కూడా చేసి, సరిగ్గా వచ్చిందా అని నన్నే అడిగింది.

శుక్రవారం దీపం ముందు గౌతమి చెయ్యెత్తింది.

"ఏటే అది?" అంది అత్త.

"పైడితల్లిని పిలుస్తన్నాది అత్తా. ఎలా పిలవాలో సిస్టరమ్మే నన్ను అడిగి నేర్పించింది."

అత్త పిల్ల చేతినే చూసింది. తన చెయ్యి కూడా కొంచెం లేచి, మళ్ళీ దిగింది. పిల్ల దండం చేరుతుందా అన్న నా అనుమానం ఆ దీపం ముందే తీరిపోయింది.

సెలవులు అయిపోయిన రోజు నేను ఎవరినీ అడగలేదు. శాలలోంచి గిన్నె తెచ్చి తోమి, వంటింట్లోనే పెట్టి పరమాన్నం వండి నింపాను.

"ఎవులికే అది?"

"సిస్టరమ్మకి. గౌతమిని దించడానికి ఎల్తన్నాను."

అత్త గిన్నెకి మూత అందించింది. ఆయన బండి బయటికి తీశారు.

గేటు దగ్గర సిస్టర్ మూత తీసి, గిన్నెని తిప్పి చూసి నవ్వింది. "ఇది మాదే కదూ?"

"మీదే సిస్టర్. ఖాళీగా ఇవ్వలేక ఇన్నాళ్ళు ఆగాను."

గిన్నె ఇచ్చేశాక నా చేతులు రెండూ ఖాళీ అయ్యాయి. బండి మీద నుంచి ఆయన చూస్తుండగానే, రోడ్డు మీద నిలబడి, ఆ చేతులతో గౌతమికి చెప్పాను: బాగా తిను, వచ్చే నెల వస్తాను.